చక్రవర్తి పాడిన ఆదివారం

మధ్యలో నవ్వనని మాటిస్తేనే ఈ సంగతి చెబుతాను. ఇవ్వలేరా? సరే, కనీసం చేతిలో ఉన్న అల్లంనీళ్ళ గ్లాసు కింద పెట్టి నవ్వండి. మొన్న చెప్పినప్పుడు మా బావమరిది ఆ నవ్వులో గ్లాసంతా నా చొక్కా మీదే పోశాడు. ఈ పరమారిబో ఊళ్ళో అందరూ నవ్వడం అయిపోయింది, మీ నలుగురే మిగిలారు.

నేను రేవులో సుంకాల అధికారిగా చేసి రిటైరయ్యానని మీకు తెలుసు కదా. ఆ రోజుల్లో ఓడ దిగిన జనం నా బల్ల ముందుకు చెప్పుల వైపు చూసుకుంటూ వచ్చేవారు. మనిషి నడక చూసి నడుం దగ్గర ఏం దాచాడో చెప్పేవాణ్ణి. రొట్టెలో దాచిన గడియారాలు, బొమ్మ కడుపులో కుక్కిన సెంటు సీసాలు, ఒకసారి ఓ పాదిరీ గారి టోపీలో తాబేలు, అన్నీ పట్టాను. "చెప్పుకోవలసిన సరుకేమైనా ఉందా?" అని నేనడిగే తీరు మా ఆవిడ నోరీన్‌కి కూడా కంఠతా వచ్చు. ముందే చెబితే పన్ను కట్టించుకుని వదిలేస్తాం. దాచి దొరికితే సరుకంతా జప్తు. ఈ రూలు కాస్త గుర్తుంచుకోండి.

రిటైరైన మర్నాడు పొద్దున్న ఏం చెయ్యాలో తోచక, నోరీన్ బజారు నుంచి తెచ్చిన సంచీని బల్ల మీద బోర్లించి తనిఖీ చేశాను.

"ఈ వంకాయలకి కాగితాలేవీ?" అన్నాను.

"ఇదిగో ఎవాల్డ్, నీకో పని దొరకాలి, లేకపోతే నాకో కొత్త మొగుడు దొరకాలి. ఏది ముందు దొరికితే అది," అంది నోరీన్.

అలా మొదలయ్యాయి నా కాలక్షేపాలు.

మొదట ఆర్కిడ్ పూల మొక్కలు. వానాకాలమంతా ఒక మొక్కకి మరీ శ్రద్ధగా నీళ్ళు పోశాను, దాంతో కబుర్లు చెప్పాను. ఒక్క ఆకు కూడా రాల్చలేదని పొంగిపోయాను. అది ప్లాస్టిక్ మొక్క అని నోరీన్ చివర్లో చెప్పింది.

"ముందే చెప్పొచ్చుగా!"

"నువ్వంత ముచ్చటగా మాట్లాడుతుంటే నోరు రాలేదయ్యా."

తర్వాత ట్రాంబోన్. అది ఊదడం మొదలుపెట్టిన వారానికి ఎదురింటి కుక్క వేరే వీధిలో ఇంకో కుటుంబాన్ని చూసుకుంది. ఆ తర్వాత రొట్టెలు కాల్చడం. నా మొదటి రొట్టె ఇప్పటికీ మా వెనక తలుపుకి అడ్డంగా ఉంది, ఎంత గాలివాన వచ్చినా తలుపు కదల్లేదు. ఆ తర్వాత బొమ్మలు గీయడం. పొద్దుగుంకే వేళ మన నదిని అలలతో సహా గీసి గోడకి తగిలించాను. పక్కింటి సాలిమిన్ వచ్చి చాలాసేపు చూసి, "నూడుల్స్ బాగా వచ్చాయి అన్నా," అన్నాడు. సాలిమిన్ జావా వాళ్ళ మనిషి, మహా మర్యాదస్తుడు. ఆయన మెచ్చుకోవడమే అలా ఉంటే మిగతావాళ్ళ సంగతి మీరే ఊహించుకోండి.

ఒక్కో కాలక్షేపం చచ్చిపోగానే దాని అస్థికలు మా వెనక గదిలో పెట్టేవాణ్ణి. ఖాళీ కుండీలు, ట్రాంబోన్, రొట్టెల అచ్చులు, ఎండిపోయిన రంగులు. గదిలోకి అడుగు పెడితే ఏదో ఒకటి కాలికి తగిలి మూలిగేది.

ఆ గది నోరీన్‌కి కావాలి. అసలు గొడవంతా అక్కడే.

మా ఆడవాళ్ళ తలగుడ్డ ఉత్త గుడ్డ కాదని మీకు నేను చెప్పక్కర్లేదు. గంజి పెట్టి, ఇస్త్రీ చేసి, గుండుసూదులతో మడిస్తే ఒక్కో మడతకి ఒక్కో మాట. 'వాగేవాళ్ళని వాగనీ' అనేది ఒకటి, 'మలుపులో నా కోసం ఆగు' అనేది ఇంకొకటి. అత్తాకోడళ్ళు నోరు విప్పకుండా తలగుడ్డలతోనే ఏడాది పొడుగునా పోట్లాడుకున్న ఇళ్ళు నాకు తెలుసు. మా పేటలో నోరీన్ అంత బాగా మడిచేవాళ్ళు లేరు. ఈ కాలం ఆడపిల్లలకి ఆ విద్య రావడం లేదని, ఎవరో ఒకరు నేర్పకపోతే పెద్దవాళ్ళతోనే పోతుందని చర్చి ఆడవాళ్ళంతా ఆవిణ్ణి పట్టుకున్నారు. నేర్పడానికి పొడుగాటి బల్ల కావాలి, వెలుతురు కావాలి, గంజి గుడ్డలు ఆరేసుకునే చోటు కావాలి. అన్నీ ఉన్నది వెనక గదిలో. దాని నిండా నేను.

నాకా, ఆ మడతల్లో ఒక్కటీ తెలీదు. పెళ్ళయినప్పట్నించీ ఆవిడ కొత్త తలగుడ్డ కట్టుకుని "ఎలా ఉంది?" అని అడిగితే నేను పేపర్లోంచి తలెత్తకుండా "బాగుంది" అంటూ వచ్చాను. ఒకసారి తల మీద ఏమీ లేకుండానే అడిగింది. అప్పుడూ బాగుందన్నాను.

"గది ఎప్పుడు ఖాళీ చేస్తావ్?"

"అవన్నీ నా ప్రాణంతో సమానం నోరీన్!"

"అయితే ట్రాంబోన్ మీద బూజు ఎందుకు పట్టింది? ప్రాణానికి స్నానం చేయించవా?"

సరిగ్గా ఆ రోజుల్లోనే నాకు పిట్టల పిచ్చి పట్టింది. ఆదివారం పొద్దున్నే పిట్టల పాటల పోటీకి మైదానంలో మగాళ్ళంతా పంజరాలు పట్టుకుని చేరతారు కదా, నేనెప్పుడూ వాళ్ళని చూసి నవ్వేవాణ్ణే. కానీ ఉద్యోగం లేని మనిషికి చేతిలో పట్టుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి. చేతిలో త్వాత్వా పిట్ట ఉన్నవాడికి ఊళ్ళో ఉన్న గౌరవం వేరు. బస్సులో జనం జరిగి చోటిస్తారు, మనిషిక్కాదు, పిట్టకి. బ్యాంకులో గుమాస్తా ముందు పిట్ట క్షేమం అడుగుతాడు. జనం మధ్య తిరిగి తిరిగి బెదురు పోతేనే పోటీ రోజున పిట్ట గొంతు విప్పుతుంది కనక, ఎక్కడికెళ్ళినా పంజరం వెంట ఉండాల్సిందే.

బజారులో తేనెనోటి హ్యూగో అని ఒకడున్నాడు, పిట్టలమ్ముతాడు. వాడు నాకు గోధుమరంగు పిట్ట ఒకటి చూపించాడు.

"మగపిట్ట నల్లగా ఉంటుందంటారే?" అన్నాను నేను, రేవులో వాడే గొంతుతో.

"సారుకి తెలియందేముంది! పెద్దయ్యాక నలుపు. ఆడది ఎప్పటికీ ఈ రంగే, మగపిల్ల కూడా చిన్నప్పుడు ఈ రంగే. ఇది పిల్ల. దీని చూపు చూడండి సార్, చక్రవర్తి చూపు!"

నేను వాడి కళ్ళలోకి, చేతుల్లోకి, నడకలోకి పరీక్షగా చూశాను. అబద్ధం జాడ ఎక్కడా దొరకలేదు. కొనేశాను. పేరు కూడా అక్కడే పెట్టేశాను. చక్రవర్తి.

పంజరం చూడగానే నోరీన్ రెండు చేతులూ నడుం మీద పెట్టుకుంది. ఆ వేళ చర్చి ఆడవాళ్ళు కూడా మా వసారాలోనే ఉన్నారు.

"ఇదీ వెనక గదికేనా?"

"దీన్ని అనకు! రాబోయే ఆదివారాల్లో మైదానమంతా మోగిస్తుంది."

"మోగించకపోతే?"

ఆడవాళ్ళందరూ నా వైపే చూస్తున్నారు. రోషం వచ్చింది. "పండుగ పోటీల నాటికి నా చక్రవర్తి పాడకపోతే వెనక గది నీది. సామానంతా నా చేత్తో నేనే బయటపడేస్తాను. పాడితే మాత్రం గది ఊసెత్తకూడదు."

"విన్నారుగా?" అంది నోరీన్ వాళ్ళతో. వాళ్ళంతా చర్చిలో ఆమెన్ అన్నట్టు ఒక్కసారిగా తలూపారు.

ఆ రోజు నుంచీ చక్రవర్తీ నేనూ జంటగా ఊరంతా తిరిగాం. పంటి డాక్టరు దగ్గరికి, మంగలి దగ్గరికి, అంత్యక్రియలకి కూడా తీసుకెళ్ళాను. నడుం నిటారుగా పెట్టి, పంజరం కాస్త ముందుకి చాపి నడిచేవాణ్ణి. "కుర్రాడు ఎప్పుడు దిగుతున్నాడు బరిలోకి?" అని అడిగేవారు మైదానంలో పెద్దమనుషులు. "ఇంకా గొంతు దాచుకుంటున్నాడు," అనేవాణ్ణి.

"పెళ్ళయి ఇన్నేళ్ళలో నన్నెప్పుడైనా ఇలా ఊరు తిప్పావా?" అంది నోరీన్ ఒకరోజు.

"నువ్వు పంజరంలో పట్టవుగా."

ఆ రాత్రి నాకు అన్నంలోకి కూర లేదు.

కూర లేకపోయినా ఫరవాలేదు, పాట లేదు. చక్రవర్తి గింజలు తినేవాడు, నీళ్ళు తాగేవాడు, నన్ను చూసి ఓ కన్ను మూసేవాడు. అంతకి మించి రాచకార్యం ఏదీ చెయ్యలేదు. గోడకి అవతల సాలిమిన్ పిట్ట, జనరల్ అని దాని పేరు, పొద్దున లేస్తే గొంతు చించుకునేది. మావాడు విని ఈకలు దువ్వుకునేవాడు. సిగ్గు తెచ్చుకుంటాడేమోనని నేనే ఎదురుగా కూర్చుని ఈల వేసి చూపించాను. రోజూ వేశాను. పెదాలు వాచేదాకా వేశాను. చివరికి ఏమైందంటే, పిట్టకి రాలేదు గానీ నాకొచ్చేసింది. కళ్ళు మూసుకుని వింటే అచ్చం త్వాత్వాయే.

అప్పుడు పుట్టింది ఆ దిక్కుమాలిన ఆలోచన. నోరీన్ వినాల్సింది పిట్ట పాట. అది పిట్ట నోట్లోంచే రావాలని ఏముంది?

మా స్నానాలగది కిటికీ వసారాలోకే తెరుచుకుంటుంది. చక్రవర్తిని సరిగ్గా ఆ కిటికీ కింద తగిలించి, నేను లోపలికి వెళ్ళి, నీళ్ళు తిప్పి, కిటికీ సందులోంచి ఈల అందుకున్నాను. వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది.

"ఎవాల్డ్! నీ పిట్ట పాడుతోందా?"

ఒళ్ళంతా సబ్బుతో తల బయటికి పెట్టాను. "అబ్బ! నిజమే? నేను వినలేదే! నీళ్ళ చప్పుడు!"

"ఎంత కమ్మగా పాడుతోందో!" అంది నోరీన్, చేతులు తుడుచుకుంటూ. చెంపకి చెయ్యి ఆనించి పంజరం వైపు ఎంతో ముచ్చటగా చూసింది. పాపం, అనుకున్నాను నేను. నిజంగానే పాపం అనుకున్నాను, చూడండి నా బుద్ధి.

మర్నాటి నుంచి ఆవిడ తలగుడ్డ కాస్త వేరుగా కట్టుకుంటున్నట్టు లీలగా అనిపించింది. "ఎలా ఉంది?" అని అడిగింది. "బాగుంది," అన్నాను.

స్నానాలు ఎక్కువయ్యాయి. పొద్దున ఒకటి, భోజనానికి ముందు ఒకటి, ఎవరైనా చుట్టాలొస్తే వాళ్ళ కోసం ప్రత్యేకంగా ఒకటి. చర్మం నానిన బఠానీలా అయింది.

"విచిత్రం చూశావా, నువ్వు స్నానానికి వెళితేనే పాడతాడు," అంది నోరీన్.

"నా మీద గౌరవం. నా ముందు గొంతెత్తడు."

"అవునవును. ఇవాళ పాట మధ్యలో 'అమ్మో, మంట' అని కూడా అన్నాడు."

"సబ్బు కళ్ళలో పడి నేనే అన్నాను."

"అదే అనుకున్నాలే."

అక్కడితో ఆగినా బాగుండేది. ఒకరోజు బజారు నుంచి వచ్చి, సంచీ దించుతూ, "సాలిమిన్‌తో మాట్లాడాను," అంది. "ఇంత బాగా పాడేవాణ్ణి స్నానాలగదికే అంకితం చెయ్యడం పాపం కదా. పండుగ పోటీల్లో మొట్టమొదటి జోడీ మీ జనరల్, మా చక్రవర్తి అని చెప్పేశాను. సుద్దముక్క గారు కూడా సరే అన్నారు." సుద్దముక్క అంటే మైదానంలో న్యాయనిర్ణేత, పిట్ట కూసినప్పుడల్లా పలక మీద గీత గీస్తాడు కనక ఆ పేరు.

నా నోట్లో అరటిపండు ముక్క అలాగే ఉండిపోయింది. "జనరల్‌తోనా? వాడు ఊరంతటికీ మొనగాడు!"

"మనవాడు చక్రవర్తి. జనరల్ కంటే పై ఉద్యోగమేగా?"

ఒప్పుకుంటే గది పోతుంది. అంతకంటే ముందు, సబ్బు నురగలో దాక్కుని పెళ్ళాన్ని మోసం చేశానని ఒప్పుకోవాలి. దానికి మనసొప్పలేదు. మైదానంలో కూడా ఈల వేసేద్దాం అని నిశ్చయించుకున్నాను. నలభై ఏళ్ళు దొంగసరుకు పట్టినవాణ్ణి, ఒక్కపూట దాచలేనా?

ఆదివారం పొద్దున్న నోరీన్ పంజరానికి గింజలు పెట్టి, తను కుట్టిన తెల్లటి ముసుగు వేసి నాకందించింది. ఆవిడ కూడా గంజిబట్టలు కట్టుకుని తయారైంది. గుమ్మంలో ఆగి నా కళ్ళలోకి చూసి, అచ్చం నా గొంతుతో అడిగింది.

"చెప్పుకోవలసిన సరుకేమైనా ఉందా?"

నాకు నవ్వొచ్చినట్టు నటించాను. "ఏమీ లేదు."

"ఇంకోసారి ఆలోచించుకో. ఓడ ఇంకా రేవులోనే ఉంది."

"ఏమీ లేదన్నానుగా!"

"సరే," అంది. తలగుడ్డ సర్దుకుని, "ఎలా ఉంది?" అని అడిగింది.

"బాగుంది," అన్నాను, చెప్పుల కోసం వెతుకుతూ.

మైదానానికి మా పేటంతా వచ్చేసింది. చర్చి ఆడవాళ్ళు ముందు వరసలో కుర్చీలేసుకుని కూర్చున్నారు. నోరీన్ వెళ్ళగానే వాళ్ళంతా ఆవిడ తల వైపు, తర్వాత నా వైపు, మళ్ళీ ఆవిడ తల వైపు చూశారు. ఒకావిడ కళ్ళతోనే ఏదో అడిగింది, నోరీన్ లేదన్నట్టు తలాడించింది. ఆడవాళ్ళ గోల మనకెందుకని నేను పట్టించుకోలేదు.

రెండు గుంజలు పాతి ఉన్నాయి, పక్కపక్కన. సాలిమిన్ తన జనరల్‌ని ఒకదానికి తగిలించి వెనక్కి వెళ్ళాడు. నేను ముసుగు తీసి చక్రవర్తిని రెండోదానికి తగిలించాను. నిజం చెప్పాలంటే పంజరంలోకి సరిగ్గా చూడనే లేదు, నా కళ్ళు నేను నిలబడాల్సిన చెట్టుని వెతుక్కుంటున్నాయి. యజమానులు దూరంగా నిలబడాలని రూలు. గుంజ వెనకాలే మామిడిచెట్టుంది. జేబులోంచి పెద్ద రుమాలు తీసి మూతికి అడ్డం పెట్టుకుని, "జలుబు," అని ఎవరూ అడక్కుండానే ప్రకటించి, చెట్టు మొదట్లో సర్దుకున్నాను.

సుద్దముక్క చెయ్యెత్తాడు. మైదానం నిశ్శబ్దమైంది.

నేను ఈల అందుకున్నాను. పలక మీద గీత పడింది! ఇంకో గీత! నా గుండె ఉప్పొంగింది. రేవు వదిలాక నా పని ఎవరైనా లెక్కపెట్టడం అదే మొదటిసారి. రెచ్చిపోయి మెలికలు తిప్పాను. జనంలో గుసగుసలు మొదలయ్యాయి. మెచ్చుకుంటున్నారు కాబోలనుకున్నాను.

కానీ వాళ్ళు చూస్తున్నది జనరల్‌ని. ఎదుట పగవాడు కనిపిస్తే చువ్వలకి ఎగబడి కూయాల్సిన జనరల్, రెక్కలు కిందికి వాల్చి, తోక విప్పి, చక్రవర్తి ముందు అటో అడుగు ఇటో అడుగు వేస్తూ నాట్యం మొదలుపెట్టాడు. మధ్య మధ్య వంగి దణ్ణం పెడుతున్నాడు. మన మైదానంలో చంటిపిల్లాడికి కూడా తెలుసు దాని అర్థం. మగపిట్ట అలా ఆడేది ఒక్కళ్ళ ముందే.

ఆ కంగారులో ఊపిరి గట్టిగా పీల్చాను. ఓ దోమ నేరుగా గొంతులోకి పోయింది. ఖళ్ళుమని దగ్గాను.

సుద్దముక్క చేతిలో సుద్ద గాల్లోనే ఆగింది. "పిట్ట దగ్గింది," అన్నాడు. పక్కనున్న గుమాస్తాని అడిగాడు. "దగ్గుకి గీత గీయాలా?"

ఇంకో దగ్గొచ్చింది. ఆపుకుందామనుకుంటే తుమ్మొచ్చింది. ముందు వరసలో ఆడవాళ్ళు ఒకరి భుజం మీద ఒకరు వాలిపోతున్నారు. సుద్దముక్క సుద్ద కింద పెట్టి, కళ్ళజోడు సర్దుకుని, చక్రవర్తి పంజరం దగ్గరికి వెళ్ళి తొంగిచూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత నా చెట్టు వైపు తిరిగాడు.

"ఎవాల్డ్ గారూ, రుమాలు తీసి ఇటు రండి. మీ చక్రవర్తి గారు గుడ్డు పెట్టారు."

గింజల గిన్నెలో, గింజల మధ్యన, చిన్న చుక్కల గుడ్డు. అప్పుడు లేచిన నవ్వు నదికి అవతలి ఒడ్డున కూడా వినిపించిందని తర్వాత చెప్పారు.

"అది... అది ఎవరో తెచ్చి అందులో పడేశారు!" అన్నాను.

"లోపలున్నావిడే పడేసిందయ్యా!" అని ఎవడో అరిచాడు.

సాలిమిన్ నా దగ్గరికి వచ్చి, చేతులు కట్టుకుని, మహా మర్యాదగా అన్నాడు. "క్షమించు అన్నా. మా జనరల్ రోజూ పొద్దున్నే మీ వసారా వైపు తిరిగి ఇలాగే ఆడుతున్నాడు. నాకు మొదట్లోనే అర్థమైంది."

"మరి చెప్పవేం?"

"వదినగారు వద్దన్నారు."

అప్పుడు నోరీన్ వైపు చూశాను. ఆవిడొక్కర్తే నవ్వడం లేదు. లేచి వచ్చి, పంజరం గుంజ మీంచి దింపి, ముసుగు వేసి, నా చేతికిచ్చింది. "పద ఇంటికి," అంది. మేమిద్దరం నడుస్తుంటే జనం పక్కకి జరిగి దారిచ్చారు, పిట్టకే. ఆ దారంతా నేను నేల వైపే చూస్తూ నడిచాను. రేవులో నా బల్ల ముందు నిలబడినవాళ్ళంతా ఎందుకలా చెప్పుల వైపు చూసేవారో అప్పుడు తెలిసింది.

ఇంటికెళ్ళాక నోరీన్ కుట్టుపని డబ్బా తెచ్చి మూత తీసింది. దూది మీద వరసగా చిన్న చిన్న చుక్కల గుడ్లు.

"ఇవన్నీ..."

"నువ్వు లేవకముందే తీసేసేదాన్ని. నీకు కనిపించకూడదని."

"ఎందుకు?"

"ఆ పంజరం పట్టుకుని నువ్వు నడిచే తీరు చూశాను. రిటైరయ్యాక మళ్ళీ నడుం నిటారుగా పెట్టి నడిచింది అప్పుడే. ఆ నడక పాడుచెయ్యబుద్ధి కాలేదు. అది పాడదని నాకు తెలుసు. పందెం నేనే గెలుస్తానని కూడా తెలుసు. గెలిచినా సగం గది నీకే వదిలేద్దామనుకున్నాను."

"మరి ఇవాళ్టి గుడ్డు?"

"అది తియ్యలేదు. నువ్వు నన్ను మోసం చేశావు ఎవాల్డ్. వాళ్ళందరి ముందూ నీ పరువు పోకూడదని నేను దొంగలా గుడ్లు దాస్తుంటే, నువ్వు సబ్బు పూసుకుని కిటికీలోంచి నాకు ఈల వేశావు. అయినా అడిగాను. ఇవాళ గుమ్మంలో కూడా అడిగాను. చెప్పుంటే ఆ గుడ్డు అక్కడే తీసేసి, పిట్టకి ఒంట్లో బాలేదని చెప్పి వచ్చేవాళ్ళం."

"గుమ్మంలో అడిగావు, సరే. అంతకుముందు కూడా ఏదో ఒక మాట అనొచ్చుగా!"

"అన్నాను. రోజూ అన్నాను." తన తల మీద చెయ్యి పెట్టుకుంది. "ఈ మడత పేరేమిటో తెలుసా? 'నాకు తెలుసు, నువ్వే చెప్పు.' నువ్వు స్నానాలగదిలో మొదటిసారి పాడిన మర్నాటి నుంచీ ఇదే కట్టుకుంటున్నాను. బజారుకి ఇదే, చర్చికి ఇదే. ఊళ్ళో ఆడవాళ్ళంతా చదివారు. 'ఇంకా చెప్పలేదా?' అని రోజూ అడిగేవారు. రోజూ నిన్ను అడిగాను, ఎలా ఉంది అని."

ఏమన్నానో మీకు తెలుసు.

సిగ్గంటే మైదానంలో పడింది కాదు, స్నేహితులారా. ఆ నవ్వు ఒక పూటలో ఆరిపోయింది. ఇది మాత్రం ఇప్పటికీ అన్నం తింటుంటే గుర్తొస్తుంది. పాదిరీ టోపీలో తాబేలుని పట్టినవాణ్ణి, కంటి ముందు పెళ్ళాం తల మీద రాసి ఉన్నది చదవలేకపోయాను.

గది మొత్తం జప్తయింది. ట్రాంబోన్ చర్చికి పోయింది, నూడుల్స్ బొమ్మని సాలిమిన్ తన ఫలహారశాలలో పెట్టుకున్నాడు. చక్రవర్తి పేరు మహారాణిగా మారి, జనరల్‌తో కాపురానికి వెళ్ళింది. అల్లుణ్ణి చూడ్డానికి నేను అప్పుడప్పుడు గోడ దగ్గరికి వెళుతుంటాను.

ఇప్పుడు శనివారం శనివారం మా వెనక గదిలో ఆడపిల్లల సందడి. మడతలు పెట్టి చూసుకోవడానికి ఓ తల కావాలి. నాది గుండ్రంగా, పెద్దగా, ఖాళీగా ఉందని నోరీన్ ఎంచుకుంది. బల్ల చివర స్టూలు మీద కూర్చుంటాను, పిల్లలు నా నెత్తిన ఊళ్ళో ఉన్న తగాదాలన్నీ కట్టి విప్పుతుంటారు. వాళ్ళ చేతులు చూసి చూసి నేనూ కొంచెం కొంచెం పట్టుకుంటున్నాను. అదే ఇప్పటి నా కాలక్షేపం.

మొన్న నోరీన్ బజారుకి వెళ్ళినప్పుడు, ఒక గుడ్డకి నేనే గంజి పెట్టి, ఇస్త్రీ చేసి, వేళ్ళనిండా సూదులు గుచ్చుకుంటూ మడిచాను. 'తప్పయింది' అనే మాటకి మడత ఉందో లేదో తెలీదు. ఉంటే ఇలా ఉంటుందని ఊహించి మడిచి, ఆవిడ అద్దం ముందు పెట్టాను. ఒక వైపు కొమ్ములా లేచింది, ఇంకో వైపు తడిసిన కోడిలా వాలింది.

ఆదివారం చర్చికి అదే కట్టుకుని వెళ్ళింది. సరిచెయ్యకుండా, ఉన్నదున్నట్టుగా. నేను వెనక బెంచీలో నక్కి కూర్చున్నాను. ఆడవాళ్ళు వరసలు వరసలుగా తిరిగి ఆవిడ తల చదివారు, తర్వాత వెనక్కి తిరిగి నన్ను వెతికారు, పాట పుస్తకాలు మూతికి అడ్డం పెట్టుకున్నారు. నోరీన్ మాత్రం మెడ నిటారుగా పెట్టుకుని పాడింది.

ఇంటికొచ్చి, వంటింట్లో చిలగడదుంపలు చెక్కు తీస్తోంది. దగ్గరికి వెళ్ళి, గొంతు సవరించుకుని అడిగాను.

"నా మడత ఎలా ఉంది?"

"బాగుంది," అంది, తలెత్తకుండా.